పార్క్ బో గమ్ తర్వాత ఇక ఎవరిని చూడాలి?

నాకు కొరియన్ డ్రామాల హీరో పార్క్ బో గమ్ పిచ్చి పట్టింది, దాచడం ఎందుకు! 'రిప్లై 1988'లో బాదుక్ (గో అనే బోర్డు ఆట) ఆటగాడు టేక్‌గా పెద్దగా మాట్లాడడు, ఊరికే చూస్తూ ఉంటాడు. అంతే, పడిపోయాను. ఆ తర్వాత 'ఎన్‌కౌంటర్', 'రికార్డ్ ఆఫ్ యూత్' కూడా అయిపోయాయి.

ఈమధ్య 2025లో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్' 16 ఎపిసోడ్లూ చూశాను. జెజు దీవిలో ఏసున్ క్యాబేజీలు తనే అమ్మిపెట్టి, ఆమెను హాయిగా పుస్తకం చదువుకోనిచ్చే కుర్ర గ్వాన్‌సిక్‌గా మనవాడే! పక్కనే కూర్చుని చూసిన మా అమ్మ "ఈ అబ్బాయి బంగారం" అనేసింది. సబ్‌టైటిల్స్ నేను చదివి చెప్పాల్సి వచ్చింది, అది వేరే కథ.

ఇప్పుడు అసలు సంగతి. ఏసున్‌గా చేసిన ఐయూ కోసం 'మై మిస్టర్' మొదలుపెట్టనా, 'హోటల్ డెల్ లూనా'నా? అమ్మతో కూర్చుని చూడాలి, మరీ ఏడిపిస్తే కష్టం.

ఇంకోటి. పెద్దవయసు గ్వాన్‌సిక్‌గా చేసిన పార్క్ హే జూన్, 'ది వరల్డ్ ఆఫ్ ది మ్యారీడ్'లో భార్యను మోసం చేసే మొగుడట కదా! అది చూస్తే గ్వాన్‌సిక్ మీద ప్రేమ పోతుందేమోనని టెన్షన్. చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్, కథ మాత్రం చెప్పేయకండి.