అప్‌డేట్: పాత బుల్లెట్ ముందు డ్రమ్ బ్రేక్ పట్టట్లేదన్నాను కదా, సంగతి తేలింది

మా నాన్నగారి 1984 బుల్లెట్‌కి ముందు చక్రంలో కొత్త బ్రేక్ షూలు (డ్రమ్‌కి లోపల్నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు) వేయించాక పాతవాటికంటే అధ్వాన్నంగా అయింది, లివర్ ఎంత నొక్కినా మెత్తగా దిగిపోతోంది, బండి మాత్రం పోతూనే ఉంది అని అడిగాను. చెప్పిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా సుద్ద రాసి చూడమన్న మాస్టారికి.

అదే పని చేసింది. లైనింగ్ (షూ మీద డ్రమ్‌కి రాసుకునే పట్టీ) మీద సుద్దముక్క రుద్ది, చక్రం బిగించి తిప్పుతూ నాలుగుసార్లు బ్రేక్ నొక్కి విప్పి చూస్తే ఏటుంది, క్యామ్ (లివర్ నొక్కితే తిరిగి షూలని విడదీసే ముక్క) వైపు చివర బొటనవేలంత మేర చెరిగింది, మిగతాదంతా డ్రమ్‌కి తగలక తెల్లగా అలాగే ఉంది. డ్రమ్ వంపుకీ లైనింగ్ వంపుకీ పొంతనే లేదన్నమాట! విజయనగరంలో ఒక లేత్ మేస్త్రి షూలని బ్రేక్ ప్లేట్ మీదే బిగించి, క్యామ్ దగ్గర సన్న రేకు పెట్టి కొంచెం తెరిచి, డ్రమ్ కొలతకి లైనింగ్ లేత్ పట్టాడు, ముందు అంచు ఏటవాలుగా అరగదీశాడు. ఇప్పుడు సుద్ద దాదాపు అంతటా చెరుగుతోంది.

మిగతా సలహాల సంగతికొస్తే, కేబుల్ మార్చడం దండగ ఖర్చు. సాండ్‌పేపర్ రుద్దితే ఒక పూట బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. నొక్కినప్పుడు ఆర్మ్‌కీ (క్యామ్‌ని తిప్పే బయటి చేయి) కేబుల్‌కీ మధ్య 90 డిగ్రీలు ఉండాలన్నది నిజమే గానీ నాది ముందే సరిగ్గా ఉంది.

ఒక్కటి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, డ్రమ్ విప్పి ఆ పొడి నోటితో ఊదకండి గురూ, తడిగుడ్డతో తుడవండి.

నిన్న సాలూరు ఘాట్ దిగాను. డిస్క్ బ్రేక్‌లా పట్టదు గానీ, సగం లివర్‌కే ఆగుతోంది.