గోంగూర మాంసానికి బ్రూటా, డెమీ సెక్కా?

ఉప్పుచేప:
మేం లండన్‌లో ఉంటాం. పోయిన శనివారం ఇంట్లో ఎనిమిదిమందిమి కూర్చుని మూడు సీసాల స్పార్క్లింగ్ వైన్ (బుడగల వైన్) రుచి చూశాం: తీపి బాగా తక్కువుండే బ్రూట్ షాంపేన్, ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెక్కో (ఇటలీది), తియ్యగా ఉండే డెమీ సెక్ షాంపేన్. తినడానికి అరటికాయ బజ్జీలు, కోడి వేపుడు, గోంగూర మాంసం. స్పార్క్లింగ్ వైన్ అంటే బ్రూటేనని, తీపిగా ఉండేది వైన్ తెలియనివాళ్ల కోసమని ఒకాయన పట్టుబట్టారు. నాకేమో మాంసం తిని బ్రూట్ తాగగానే మంట ఇంకా పెరిగింది, వైన్ చేదెక్కింది. మీరేమంటారు?

ద్రాక్షతీగ:
ఆయన చెప్పిందే నిజమండీ. బ్రూట్‌లో చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపే. అంత తక్కువ తీపి ఉంటేనే సీసాలో పులిశాక మిగిలే ఈస్ట్ మడ్డి మీద నిలవుండి వచ్చే బ్రెడ్డు వాసన తెలుస్తుంది. మామూలు షాంపేన్ కనీసం 15 నెలలు సీసాలో ఆగాలి, అందులో 12 నెలలు ఆ మడ్డి మీదే ఉండాలని నియమం. డెమీ సెక్‌లో చక్కెర 32 నుంచి 50 గ్రాములు. అంత తీపిలో ఆ శ్రమంతా మునిగిపోతుంది. మంట అనిపిస్తే కూరలో కారం తగ్గించండి.

పచ్చిమిర్చి:
ద్రాక్షతీగ గారూ, కారం తగ్గిస్తే అది గోంగూర మాంసం ఎలా అవుతుంది? వంటను బట్టి సీసా ఎంచుకోవాలి గానీ సీసా కోసం వంట మార్చుకోవడం నాకు నచ్చదు.

మంట ఎందుకు పెరిగిందో చెప్తాను. మిరపకారం నోట్లో ఏ నరాలను రేపుతుందో ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. దానికి తోడు స్పార్క్లింగ్ వైన్‌లో చురుక్కుమనేది బుడగ పగలడం వల్ల కాదు. కార్బన్ డయాక్సైడ్ నోటి తడిలో కార్బోనిక్ ఆమ్లంగా మారి నొప్పి తెలిసే నరాలను తాకుతుంది. అంటే బ్రూట్‌తో మంట మీద మంట. తీపి దాన్ని కొంత అణచిపెడుతుంది. అందుకే కారం కూరకు నా ఓటు డెమీ సెక్‌కే. కోడి వేపుడుకైతే ఇటలీవాళ్ల తియ్యటి వైన్ మొస్కాతో దాస్తి ఇంకా బాగుంటుంది. ఆల్కహాల్ 5 శాతం దగ్గరే, బుడగ కూడా మెత్తగా ఉంటుంది.

బ్రూటే అసలైనదన్న మాట కూడా చరిత్రకు నిలవదు. 19వ శతాబ్దంలో షాంపేన్ బాగా తియ్యగా ఉండేది, రష్యాకు వెళ్లేది మరీ తియ్యన. ఇంగ్లండువాళ్లు తీపి తక్కువ కావాలంటే పొమెరీ సంస్థ 1874 పంటతో చేసిన బ్రూట్‌కు పేరొచ్చింది. బ్రూట్ తర్వాత వచ్చిన అలవాటు.

ఇంకోటి, ఎక్స్‌ట్రా డ్రై అనే పేరు చూసి మోసపోకండి. అందులో 12 నుంచి 17 గ్రాముల చక్కెర ఉంటుంది, బ్రూట్ కన్నా తియ్యన. ఈ పేర్లు పెట్టినవాళ్ల మీద నాకు నిజంగా కోపం.

ద్రాక్షతీగ:
చరిత్ర ఒప్పుకుంటాను. మరి ఆల్చిప్పలకి బ్రూట్ ఎందుకంత నప్పుతుంది? కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంవాళ్లు 2020లో రాశారు: మడ్డి నుంచి షాంపేన్‌లోకి దిగే గ్లుటమేట్, ఆల్చిప్పలోని న్యూక్లియోటైడ్లు అనే పదార్థాలు కలిసి ఉమామి అనే కమ్మటి రుచిని పెంచుతాయని. సముద్రపు తిండికి బ్రూట్‌ను మించింది లేదు.

పచ్చిమిర్చి:
అక్కడ మీతో నాకు పేచీ లేదు. బజ్జీలకూ బ్రూటే. నూనె జిడ్డును ఆ పులుపు, బుడగ కడిగేస్తాయి, ఉప్పు తగిలితే వైన్‌లో పండ్ల రుచి ఇంకా బాగా తెలుస్తుంది. నా గొడవంతా కారంతోనే. పుట్టినరోజు కేకుతో బ్రూట్ కూడా తప్పే, కేకు తీపి ముందు వైన్ ఒట్టి పులుపైపోతుంది.

ఉప్పుచేప:
అయితే వచ్చే శనివారం మళ్లీ పెడతాను. సీసాలకు కాగితం చుట్టి, గోంగూర మాంసంతో డెమీ సెక్, మొస్కాతో దాస్తి రెండూ పోస్తాను. మొన్న మరీ చల్లగా పోశాను, ఈసారి 8 నుంచి 10 డిగ్రీల దగ్గర ఉంచుతాను.

ద్రాక్షతీగ:
పెట్టండి. బజ్జీల వరకు కలిశాం, అది చాలు. గోంగూర మాంసం వడ్డించే రోజు మాత్రం నేను ఏ వైనూ పోయను, మజ్జిగే పోస్తాను.