సమస్య: కదలిపోయిన ఫోటోయె కదలకుండె

నిర్వాహకుడు:
నిన్న నా ఫోన్ నిండిపోయి ఇంకొక్క ఫోటో కూడా ఎక్కనంది. కూర్చుని చెరుపుతూ పోయాను. మామిడిపళ్ల బుట్టలు, కరెంటు బిల్లులు, ఎవరివో గృహప్రవేశం కార్డులు, అన్నీ పోయాయి. ఒకచోట వేలు ఆగింది. మా చిన్నమ్మాయి మొదటిసారి చీర కట్టుకొని మెట్లు దిగుతోంది. దిగే ఊపులో ఒక మొహం రెండు మొహాలైంది. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్క తప్పేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. పద్యం చివరి పాదం అప్పుడే తట్టింది. పై మూడు పాదాలూ రాసి దీన్ని పూరించడం మీ పని.

*కదలిపోయిన ఫోటోయె కదలకుండె*

ఆదివారం రాత్రి దాకా గడువు. ఫోటో అన్న మాట మీద గొడవ వద్దు.

పాతపేట పంతులు:
గొడవ వద్దంటే ఎలాగండీ? ఛాయాచిత్రము అనే చక్కని మాట ఉండగా ఈ అన్యదేశ్యం దేనికి?

గోదారిగట్టు:
ఆ మాటలోని మూడు గురువులను, అంటే బరువుగా పలికే అక్షరాలను, వరసగా ఈ పద్యంలో ఏ గణంలో కూర్చోబెడతారో చూపించండి పంతులుగారూ, మేమూ నేర్చుకుంటాం. ఈలోగా నా పూరణ.

*ఇరువదింటిని తుడిచితి నింపులేక;*
*అమ్మ పకపక నవ్వగా నదిరె చేయి;*
*చెరిపివేయగ వేలేమొ చేరబోదు;*
*కదలిపోయిన ఫోటోయె కదలకుండె!*

నిర్వాహకుడు:
"వేలేమొ చేరబోదు" దగ్గర నేను దొరికిపోయాను. నా కథ నాకే చెప్పారు.

పాతపేట పంతులు:
ధార బాగుంది. చిన్న సందేహం. అమ్మ నవ్వితే కదలాల్సింది అమ్మ కదా, మీ చేయి ఎందుకు అదిరింది? యతి కోసమేనా, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలని?

గోదారిగట్టు:
మా అమ్మ నవ్వితే పక్కవాళ్లకూ నవ్వొస్తుందండి. మీ ఇంట్లో నవ్వులు యతి చూసుకొని వస్తాయేమో.

చీకటిగది బాబాయి:
పంతులుగారు వెటకారానికి అడిగినా ప్రశ్న అసలైనదే. నేను ఇరవై రెండేళ్లు స్టూడియో నడిపాను. కదలడంలో రెండు రకాలు. చేయి కదిలితే ఫోటో అంతా కదులుతుంది: మనిషి, గోడ, తులసికోట, అన్నీ ఒకే వైపు జారతాయి. మనిషి కదిలితే మనిషొక్కరే చెదురుతారు, వెనక తులసికోట రాయిలా నిలబడి ఉంటుంది. రెండోదాన్ని నేను పారేయనిచ్చేవాణ్ని కాదు. మొదటిదాన్ని గిరాకీ ముందే పక్కన పెట్టేవాణ్ని. అమ్మాయ్, మీ ఫోటోలో వెనక ఏముంది? నిలిచిందా?

గోదారిగట్టు:
బావి గిలక ఉంది బాబాయిగారూ. అది కూడా జారింది. అబద్ధం చెప్పను.

పాతపేట పంతులు:
అదీ సంగతి. మీ అమ్మగారు ఎవరో తెలియని మనిషికి ఆ ఫోటో చూపించండి. నవ్వు కనిపిస్తే ఉంచండి, అలుకుడు కనిపిస్తే తీసేయండి. మన ఫోటోకు మనమే తీర్పు చెప్పుకుంటే మన పద్యానికి మనమే శాలువా కప్పుకున్నట్టు ఉంటుంది.

గోదారిగట్టు:
శాలువా సంగతి మీకు తెలిసినంత మాకెక్కడ తెలుస్తుంది లెండి.

కొత్తగొంతు:
అందరికీ నమస్కారం. రెండో ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

*పెండ్లి రీలున కడిగిన పెక్కు బొమ్మ*
*లన్ని దాచుంచితిని నాటి యాల్బమందు;*
*చూడ చూడగ నన్నియు చెదలు మేయ*
*కదలిపోయిన ఫోటోయె కదలకుండె.*

నిర్వాహకుడు:
కథ బాగుంది తమ్ముడూ. రెండు చోట్ల జారావు. మూడో పాదంలో "చూ"కి "చె" కుదరదు. "చెమ్మ తగులగ నన్నియు చెదలు మేయ" అంటే సరి, చెదలు రావడానికి కారణం కూడా దొరుకుతుంది. రెండోది "దాచుంచితిని". దాచి + ఉంచితిని. "దాచి" లాంటి మాటల చివరి ఇకారానికి, అంటే క్త్వార్థ ఇకారానికి, సంధి లేదు. "లన్ని దాచితి నింటిలో నాల్బమందు" అని చూడు.

పాతపేట పంతులు:
వ్యాకరణం సరే. చెదలకు అంత విచక్షణ ఎక్కడిదండీ? బాగున్నవన్నీ తిని, చెడిపోయినదాన్ని వదిలేశాయా?

కొత్తగొంతు:
నిజంగా జరిగిందే అండి. అమ్మానాన్నల పెళ్లి ఫోటోలు. తలంబ్రాలప్పుడు ఎవరో మోచేయి తగిలి ఒకటి కదిలిపోయిందట. ఆల్బమ్‌లో పెట్టడానికి పనికిరాదని స్టీలు డబ్బాలో పడేశారు, మిక్సీ గ్యారంటీ కార్డుతో పాటు. ఆల్బమ్ చెక్క బీరువాలో పోయింది. ఇప్పుడు మాకు ఆ పెళ్లికి సాక్ష్యం ఆ ఒక్కటే.

చీకటిగది బాబాయి:
స్టీలు డబ్బా పద్యంలోకి రావాలి నాయనా! అసలు పూరణ అక్కడుంది. నెగెటివ్‌లు ఉన్నాయేమో అడుగు. 36 ఫోటోల రీలుకు చివర ఒకటో రెండో ఎక్కువ వచ్చేవి. వాటికి ప్రింటు వేయమని ఎవరూ అడిగేవారు కాదు.

పాతపేట పంతులు:
ఇక నాది. సమస్యలో ఎవరూ చూడని విరుపు ఒకటుంది.

*అద్దెకిచ్చిన కోటులో నతడు నవ్వె;*
*గోడ మేకున మా తాత కుదురుకొనియె;*
*ఏడు పదులేండ్లు బతికి తా నింటినుండి*
*కదలిపోయిన, ఫోటోయె కదలకుండె.*

నిర్వాహకుడు:
ఆహా! "పోయిన"ను విశేషణం కాకుండా చేశారు. తాత కదలిపోయినా ఫోటో కదల్లేదు. గోడ మేకున మనిషే కుదురుకున్నాడనడం ఇంకా బాగుంది.

చీకటిగది బాబాయి:
అద్దె కోటు! మా స్టూడియోలో ఒకటే నల్లకోటు ఉండేది. సన్నవాళ్లకు వెనక బట్టల క్లిప్పులు పెట్టేవాళ్లం. ఊళ్లో సగం గోడల మీద వేలాడుతున్నది ఆ కోటే.

గోదారిగట్టు:
బాగుంది, కాదనను. కానీ "పోయినా" అనే అర్థానికి అక్కడ ద్రుతం, అంటే చివర నకారం, ఉండాలి. "పోయినన్". తర్వాత వచ్చింది "ఫ" కాబట్టి సరళాదేశం (క చ ట త ప లు గ జ డ ద బ లు కావడం) బెడద లేక గట్టెక్కారు. ఫోటోకు బదులు "పటము" లాంటి మాట ఉండి ఉంటే "బటము" అయి విరుపు బయటపడేది. మొత్తానికి ఆ అన్యదేశ్యమే మిమ్మల్ని కాపాడింది.

నిర్వాహకుడు:
😂 పంతులుగారూ, దీనికి జవాబు లేదు.

పాతపేట పంతులు:
జవాబు ఉంది, ఓపిక లేదు.

గోదారిగట్టు:
ఇంకోటి. వెనకటి చింతపండు సమస్యకు మీరు చేసిన పూరణలో కూడా ఇదే "పోయిన" విరుపు. అప్పుడు పోయింది పులుపు, ఇప్పుడు తాత. పైగా ఇక్కడ ఫోటోకు ఏ లోపమూ లేదు. కదిలిన ఫోటోను ఉంచాలా తీసేయాలా అన్న చిక్కు మీ పద్యంలోకి రానే లేదు.

పాతపేట పంతులు:
చింతపండు పూరణకు ఆ రోజు మొదటి చప్పట్లు మీవేనని గుర్తు చేస్తున్నాను.

చీకటిగది బాబాయి:
చింతపండు వదిలేయండి. కదలడం అంటే నాకు ఫోటోగ్రఫీ తొలినాళ్లలో ఫ్రెంచివాడు డగేర్ తీసిన పారిస్ వీధి గుర్తొస్తుంది. 1838లో, మేడ మీది నుంచి. ఆ కాలంలో ఒక్క ఫోటోకు నిమిషాల తరబడి వెలుగు పట్టాలి. వీధిలో తిరిగే బళ్లు, జనం ఎవరూ పడలేదు. మూలన ఒకాయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డాడు. కదలనివాడు కాబట్టి ఆయన మాత్రం మిగిలాడు. దీన్ని ఎవరైనా పద్యం చేయండి, నాకు గణాలు రావు.

కోడెల అక్కయ్య:
బాబాయిగారూ, మీ మాటకు తిరగేసినది నా దగ్గరుంది. ఇక్కడ కదిలేదే నిలిచింది.

*పరుగులిడు కోడె వెంటనే తిరిగె కెమెర;*
*గట్లు చెట్లును గీతలై కరిగిపోయె;*
*కొమ్ము కుచ్చును సైతము గుర్తుపడగ*
*కదలిపోయిన ఫోటోయె కదలకుండె.*

నిర్వాహకుడు:
ఇదీ పూరణ! చుట్టూ ఊరంతా కదిలింది, పరుగెత్తే కోడె మాత్రం నిలిచింది. మొదటి పాదంలో ప్రాసయతి ("పరుగు", "తిరిగె"లలో రెండో అక్షరాల జత) కూడా కోడెతో పాటు తిరిగింది.

చీకటిగది బాబాయి:
షట్టర్ ఎంత పెట్టావమ్మా?

కోడెల అక్కయ్య:
సెకనులో 1/30 వంతు. సంక్రాంతి పందేల్లో, చెరువు గట్టున. నడుము దగ్గర నుంచి తిరగాలని ఎవరో చెబితే అలాగే తిరిగాను. అరవై తీస్తే ఇదొక్కటి వచ్చింది. ఉంచనా తీసేయనా అని జనవరి నుంచి ఆలోచిస్తున్నాను. ఇదుగో, చూడండి.

పాతపేట పంతులు:
చూశాను. పెద్దది చేసి మరీ చూశాను. కొమ్ముకు కట్టిన ఎర్ర కుచ్చులో పోగులు లెక్కపెట్టొచ్చు, నిజమే. కానీ అక్కయ్యగారూ, కోడె కన్ను ఏది? అక్కడ నల్లగీత ఉంది. మూతి మూడైంది. "కుచ్చును సైతము" అంటే మిగతావన్నీ తెలుస్తూ, ఆ పైన కుచ్చు కూడా తెలిసిందని కదా అర్థం? పద్యం ఫోటో కంటే ఎక్కువ చెబుతోంది.

గోదారిగట్టు:
ఈసారి పంతులుగారితో ఏకీభవిస్తున్నాను. తారీఖు రాసిపెట్టుకోండి.

చీకటిగది బాబాయి:
మూతిది నీ తప్పు కాదమ్మా. కోడె పరుగులో తల ఎగరేస్తుంది. నువ్వు పక్కకు తిరిగావు, అది పైకి లేచింది. కుచ్చు మాత్రం ఆ క్షణాన నీ కెమెరాతో సమానంగా వచ్చింది. జంతువు ఫోటోలో కన్ను నిలవాలంటారు, అదీ నిజమే. గిరాకీ అయితే దీన్ని ఇచ్చేవాణ్ని కాదు. మా ఇంట్లో అయితే గోడకు పెట్టుకునేవాణ్ని.

కోడెల అక్కయ్య:
నిన్నటి దాకా నాకు కన్నే కనిపించింది పంతులుగారూ. అక్కడ లేదని మీరు చెప్పాకే తెలిసింది. ఆ రోజు నేను చూశాను కదా, ఫోటోలో కూడా ఉందనుకున్నాను. పాదం మారుస్తున్నాను.

*కొమ్ము కుచ్చది యొక్కటే గుర్తుపడగ*

పాతపేట పంతులు:
ఇప్పుడు సరిపోయింది. ఫోటో తీసేయకండి.

కొత్తగొంతు:
గురువుగారూ, మీరు చెప్పిన రెండు సవరణలూ చేసుకున్నాను. స్టీలు డబ్బా మాత్రం ఏ పాదంలోనూ పట్టడం లేదు. "డబ్బా" దగ్గరే రెండు గురువులు అయిపోతున్నాయి.

నిర్వాహకుడు:
"డబ్బ" అను, ఎవరూ కొట్టరు.

గడువు ముగిసింది. ఈ వారం తాంబూలం కోడెల అక్కయ్యగారికి, సవరించిన పాదంతో. విరుపుకు పంతులుగారికి ఒక వీరతాడు, ఆ విరుపు విప్పినందుకు గోదారిగట్టుగారికి రెండు.

ఒక్క మాట. రాత్రి మా చిన్నమ్మాయికి ఆ మెట్ల ఫోటో చూపించి, చూడు, చెరపకుండా ఉంచానని గొప్పగా చెప్పాను. దగ్గరగా పట్టుకొని చూసింది. "ఇది నేను కాదు నాన్నా, పెద్దమ్మ వాళ్ల అక్క. నేను వెనక ఉన్నాను, చేయి మాత్రం పడింది" అంది. నిజమే. రెండు మొహాల వెనక ఒక గాజుల చేయి ఉంది, మెట్ల కమ్మీ పట్టుకొని. అది కదల్లేదు.