రేఖ క్లాస్‌లో నిలువు రేఖతో ఇబ్బంది, సలహా కావాలి

ప్రశ్న: జావాలో రేఖ కోసం క్లాస్ రాస్తున్నానండి. వాలు, వై-అంతరఖండం అని రెండు డబుల్ (దశాంశ సంఖ్యల) ఫీల్డులు పెట్టాను. (3, 1), (3, 5) బిందువులు ఇచ్చేసరికి వాలు ఇన్ఫినిటీ వస్తోంది, ఖండన బిందువు అడిగితే ఎన్ఏఎన్ (అంటే ‘సంఖ్య కాదు’) వస్తోంది. నిలువు రేఖకి ఒక బూలియన్ (అవును/కాదు) ఫ్లాగ్ పెట్టేయనా? రేఖాఖండం క్లాస్‌ని దీన్నుంచే ఇన్‌హెరిట్ చేయొచ్చా, అంటే దీని మెథడ్లన్నీ దానికీ వచ్చేలా?

జవాబు: ఫ్లాగ్ వద్దండి. ప్రతి మెథడ్‌లోనూ దానికోసం ఒక ఇఫ్ రాస్తూ కూర్చోవాలి. నిలువు రేఖకి వాలే లేదు కాబట్టి ఆ రూపం దానికి సరిపోదు. ఎ·ఎక్స్ + బి·వై + సి = 0 రూపం పట్టుకోండి. రెండు బిందువుల నుంచి:

ఎ = వై1 − వై2
బి = ఎక్స్2 − ఎక్స్1
సి = ఎక్స్1·వై2 − ఎక్స్2·వై1

మీ బిందువులకి −4, 0, 12 వస్తాయి, అంటే ఎక్స్ = 3. ఎక్కడా భాగహారమే లేదు. రెండు బిందువులూ ఒకటే అయితే ఎ, బి రెండూ సున్నా అవుతాయి. కన్‌స్ట్రక్టర్‌లోనే ఎక్సెప్షన్ విసిరేయండి.

ఖండనకి ముందు డి = ఎ1·బి2 − ఎ2·బి1 చూడండి. సున్నా కాకపోతే ఎక్స్ = (బి1·సి2 − బి2·సి1) / డి, వై = (సి1·ఎ2 − సి2·ఎ1) / డి. సున్నా అయితే అవి సమాంతర రేఖలైనా కావాలి, ఒకే రేఖైనా కావాలి. రెండింటికీ నల్ (ఖాళీ విలువ) తిప్పి పంపకండి, పిలిచినవాళ్లకి తేడా తెలియాలి కదా.

ఇన్‌హెరిటెన్స్ మాత్రం అస్సలు వద్దు. రేఖకి చివరలుండవు, ఖండానికి ఉంటాయి. రేఖ ఖండన మెథడ్ అలాగే వచ్చేస్తే ఖండం బయట ఉన్న బిందువుని కూడా ఖండనమే అంటుంది. ఖండంలో రెండు బిందువులు దాచి, అవసరమైనప్పుడు వాటి నుంచి రేఖని తయారు చేసుకోండి.

అడిగినవారు: చాలా థాంక్స్ అండి. కానీ ఎ, బి, సి విలువలు (1, 1, −2), (2, 2, −4) రెండూ ఒకే రేఖ అయినా, రెండూ సమానమా అని చూసే ఈక్వల్స్ మెథడ్ ఫాల్స్ అంటోంది. కొద్దిపాటి తేడాని వదిలేసేలా ఈక్వల్స్ రాయనా?

మరో సభ్యుడు: ఈక్వల్స్‌లో ఆ పని చేయకండి. మొదటిది రెండోదానికి దగ్గర, రెండోది మూడోదానికి దగ్గర, మొదటిది మాత్రం మూడోదానికి దూరం అనే పరిస్థితి వస్తుంది. ఒకేలాంటివి రెండుసార్లు ఉంచుకోని హ్యాష్‌సెట్‌లో వేస్తే ఇక టెన్షనే. దానికి విడిగా ఒక మెథడ్ రాసుకోండి. మీ కోఆర్డినేట్లు పూర్ణాంకాలేనా?

అడిగినవారు: అవునండి, అన్నీ పూర్ణాంకాలే.

మరో సభ్యుడు: అయితే డబుల్ ఎందుకు! మూడింటినీ వాటి గ.సా.భా.తో భాగించి, ఎ ధనాత్మకంగా ఉండేలా గుర్తు మార్చండి. ఎ సున్నా అయితే బి ధనాత్మకంగా ఉండాలి. అప్పుడు ఒక రేఖకి ఒకే రూపం, ఈక్వల్స్ మూడు పోలికలతో అయిపోతుంది. ఫీల్డులన్నీ ఫైనల్ (తర్వాత మార్చలేనివి) చేసేయండి. ఇంట్ బదులు ఇంకా పెద్ద పూర్ణాంకాలు పట్టే లాంగ్ వాడండి, 50,000ని 50,000తో గుణిస్తేనే ఇంట్ దాటిపోతుంది.