వెలుగునిచ్చే ద్రవ స్ఫటికాలు: అణువుల క్రమం కాంతికి మేలా, కీడా?

పాలిమర్ విద్యార్థిని: ఎల్‌సీడీ తెరలోని ద్రవ స్ఫటికం (ద్రవంలా పారుతూనే అణువులు కొంత క్రమంలో ఉండే పదార్థం) తనంతట తాను వెలగదు. వెనుక దీపం నుంచి వచ్చిన కాంతిని ఆపడమో వదలడమో చేస్తుంది, అంతే. పైగా ఒకే దిక్కున కంపించే కాంతిని, అంటే ధ్రువిత కాంతిని, మాత్రమే వదిలే సాధారణ పోలరైజర్ పొర దగ్గరే ఆ కాంతిలో కనీసం సగం పోతుంది. ఆరోమాటిక్ వలయాలతో (బెంజీన్ లాంటి చదునైన కార్బన్ వలయాలతో) కట్టిన ద్రవ స్ఫటికమే స్వయంగా ధ్రువిత కాంతిని వెదజల్లితే ఈ నష్టం ఉండదు కదా అని తరగతిలో అడిగాను. చదునైన అణువులు క్రమంగా పేర్చుకునే కొద్దీ వెలుగు చచ్చిపోతుందనీ, క్రమం, దీప్తి ఒక ఒరలో ఇమడని రెండు కత్తులనీ మిత్రులు వాదించారు. అది నిజమేనా?

తెర ఇంజినీరు: చాలావరకు నిజమే. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం బిళ్లల్లాంటి అణువులు కూడా ద్రవ స్ఫటికాలవుతాయని చూపింది. ఆ బిళ్లలు స్తంభాలుగా పేరుకుంటే విద్యుదావేశానికి మంచి దారి ఏర్పడుతుంది, కాంతికి మాత్రం అదే దారి శాపం. పైరీన్ అనే చదునైన అణువు గాఢత పెరిగితే దాని స్వంత వెలుగు తగ్గిపోతుందని 1954లోనే ఫోర్‌స్టర్, కాస్పర్ గమనించారు. 1987లో టాంగ్, వాన్ స్లైక్ చేసిన ఓలెడ్‌లో (విద్యుత్తుతో తనంతట తాను వెలిగే సేంద్రియ పొరల దీపంలో) పలుచని పొరలు క్రమం లేని గాజులాంటివి. పరిశ్రమ ఇప్పటికీ ఎక్కువగా ఆ బాటలోనే ఉంది. ద్రవ స్ఫటికపు పొరలో ఒక్కో దిక్కుకు పేర్చుకున్న అణువుల గుంపులకు మధ్య సరిహద్దులు ఏర్పడి, ఆవేశాలు అక్కడ చిక్కుకుపోతాయి.

పాత ల్యాబ్ మనిషి: పైరీన్ విషయంలో సవరణ చేయాలి, ఇంజినీరు గారూ. పలుచని ద్రావణాన్ని అతినీలలోహిత దీపం కింద పెడితే ఊదా రంగులో మెరుస్తుంది. పొడి ఇంకొంచెం కలుపుతూ పోతే అదే సీసాలో వెలుగు నీలి ఆకుపచ్చకు మారుతుంది. రెండు అణువులు జతకట్టి తక్కువ శక్తితో వెలుగుతున్నాయి కనుక అక్కడ రంగు మారింది, దీపం ఆరలేదు.

అసలు ప్రశ్న అణువులు ఎలా పేరుకున్నాయన్నదే. అప్పడాల దొంతరలా ముఖాముఖి కూర్చుంటే, అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్న ఉత్తేజిత స్థితి (అణువులు శక్తిని పీల్చుకున్నాక ఉండే స్థితి) నుంచి కాంతి బయటికి రావడం కష్టం. పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి జరిగి కూర్చుంటే ఆ స్థితి నుంచే కాంతి బలంగా వస్తుంది. అంటే నిషేధం క్రమానికి లేదు, ముఖాముఖి దొంతరకే ఉంది. 2001లో బెన్ జోంగ్ టాంగ్ బృందం ప్రొపెల్లర్ రెక్కల్లాంటి ఫీనైల్ వలయాలున్న సైలోల్ (సిలికాన్ కలిసిన వలయం) అణువు ద్రావణంలో మసకగా ఉండి, గుంపుకట్టాక ప్రకాశిస్తుందని చూపింది. మెలి తిరిగిన ఆ ఆకారానికి పొడవాటి గొలుసులు తగిలిస్తే దీప్తి, ద్రవ స్ఫటికత్వం రెండూ ఒకే పదార్థంలో దక్కే వీలుంది. కర్రల్లాంటి ఫ్లోరీన్ (fluorene, ఫ్లోరిన్ మూలకం కాదు) అణువులకైతే ముఖాముఖి దొంతర గొడవే తక్కువ.

తెర ఇంజినీరు: ఒప్పుకుంటాను. కానీ శూన్యంలో పూసిన గాజు పొరలో కూడా పొడవైన అణువులు తలానికి సమాంతరంగా పడుకుంటాయి కాబట్టి ద్రవ స్ఫటికం ఇచ్చే లాభంలో కొంత ఉచితంగానే వస్తోంది. అదీగాక, వేడికి కదిలే పదార్థంతో పిక్సెళ్లను ఎలా నిలబెడతారు?

పాలిమర్ విద్యార్థిని: రెండో దానికి బ్రిటన్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో మేరీ ఓనీల్, స్టీఫెన్ కెలీ బృందం చేసిన పని జవాబు చెబుతుంది: ద్రవ స్ఫటిక స్థితిలో అణువులను ఒక దిక్కుకు తిప్పి, తర్వాత అతినీలలోహిత కాంతితో వాటి చివరలను ఒకదానికొకటి ముడివేశారు. కాంతి పడిన చోటే వల గట్టిపడుతుంది, పడని చోటు కరిగించి కడిగేయవచ్చు.

పాత ల్యాబ్ మనిషి: మొదటి దానికి నేను చెబుతాను. గాజు పొరలో అణువులు పడుకుంటాయి గానీ తలలు అన్ని దిక్కులకూ ఉంటాయి. ఎదురుగా చూస్తే ఆ వెలుగు ధ్రువితం కాదు. గుడ్డతో ఒకే దిక్కుకు రుద్దిన పాలీఇమైడ్ ప్లాస్టిక్ పొర మీద ద్రవ స్ఫటికం పరచి, అతినీలలోహిత దీపం వేసి, పైన పోలరాయిడ్ ముక్కను చేత్తో తిప్పి చూడండి. ఒక కోణంలో పొర వెలుగుతుంది, తొంభై డిగ్రీలు తిప్పగానే మసకబారుతుంది. మా విద్యార్థుల చేతుల్లో ఆ ముక్క తిరుగుతున్నప్పుడు వాళ్ల కళ్లు చూడడం నాకెప్పుడూ ఇష్టం.

అయితే నేనూ ఒక చోట ఆగుతాను. ఓలెడ్ ఫోన్లలో బయటి వెలుతురు ప్రతిఫలించకుండా పెట్టే వృత్తాకార పోలరైజర్‌ను (ఒకే వైపుకు మెలి తిరిగే కాంతిని వదిలే పొరను) నష్టం లేకుండా దాటాలంటే కాంతికి సరైన మెలి ఉండాలి. మెలి తిరిగిన ద్రవ స్ఫటికాలు అలాంటి కాంతిని ఇవ్వగలవు. కానీ వెనక్కి పోయిన భాగం లోహపు ఎలక్ట్రోడ్‌ను తాకి తిరిగివచ్చేటప్పుడు మెలి తారుమారై, ముందుకు వచ్చినదాని లాభాన్ని తగ్గిస్తుంది. అణువు నిర్మాణం ఎంత చక్కగా కుదిరినా పరికరం నిర్మాణం మారకపోతే ఆ నష్టం పోదు. ఇంజినీరు గారి అనుమానానికి ఇక్కడ నేను పూర్తిగా తోడు నిలుస్తాను.