డెవానా, డివానా, మా అమ్మ అన్నట్టు దివాణమా?

అందరికీ నమస్కారం. చిన్న సందేహం, కాస్త పెద్ద కథ.

మొన్న ఆదివారం అమ్మను షికాగోలో డెవాన్ అవెన్యూకి తీసుకెళ్ళాను. మేం ఉండేది నేపర్‌విల్‌లో, కారులో గంట దాకా పట్టింది, పార్కింగ్ వెతుక్కోవడానికి ఇంకో పావుగంట. ఇంటికొచ్చాక అమ్మ కాకినాడలో ఉన్న పిన్నికి ఫోన్ చేసి "ఇవాళ దివాణానికి వెళ్ళొచ్చామే" అంది. పిన్ని అటునుంచి "అమెరికాలో దివాణం ఏవిటక్కా, వాళ్ళకి జమీందార్లు కూడా ఉన్నారా?" అని అడిగితే, అమ్మ ఏమాత్రం తడుముకోకుండా "జమీందార్లు లేరే, చీరల కొట్లున్నాయి" అని చెప్పేసింది. నేను పక్కన కూరగాయలు సర్దుతూ నవ్వాపుకోలేకపోయాను.

అమ్మది పిఠాపురం పక్క పల్లెటూరు. వాళ్ళ తాతగారు జమీందారు దివాణంలో గుమాస్తా. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక దివాణం పోయింది, ఉద్యోగం పోయింది, మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. పని చెయ్యకుండా పెత్తనం చేసేవాణ్ణి చూస్తే అమ్మమ్మ "దివాణంలోంచి దిగొచ్చాడు" అనేది. అందుకని డెవాన్ అనే మాట చెవిన పడగానే అమ్మ నోట్లో అది దివాణం అయిపోవడంలో ఆశ్చర్యం లేదు. కారులో వెళ్తున్నప్పుడు మూడుసార్లు సరిదిద్దాను, నాలుగోసారి వదిలేశాను.

నా ప్రశ్న ఏమిటంటే, ఈ పేరును తెలుగులో ఎలా రాయాలి? మా ఇంట్లోనే నేను డెవాన్ అంటాను, మా ఆయన డెవన్ అంటారు, మా అమ్మాయి డివాన్ అంటుంది. పైగా దివాణానికీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా, లేక పేరు కలవడం ఉత్త కాకతాళీయమేనా?

ఇంకో సంగతి. ఆ వీధిలో ఆకుపచ్చ బోర్డుల కింద గోధుమరంగు గౌరవ బోర్డులు వేలాడుతుంటాయి. ఒకచోట గాంధీ మార్గ్, ఇంకాస్త దూరంలో మహమ్మద్ అలీ జిన్నా వే, మరోచోట షేక్ ముజిబ్ వే, ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన గోల్డా మేయర్ పేరిట బులెవార్డ్. అమ్మ మొదటిది చదివి "మార్గ్ ఏవిటి, మార్గం అని రాయడానికి ఇంకో అక్షరం ఖర్చవుతుందనా?" అంది. అప్పటికి నేను పట్టించుకోలేదు కానీ, అసలు విషయం అక్కడే ఉందేమో అని ఇప్పుడనిపిస్తోంది. పెద్దలు చెప్పాలి.

జవాబు, షికాగో పాతకాపు

మీ అమ్మాయే గెలిచిందండి. షికాగోలో పుట్టి పెరిగినవాళ్ళు డివాన్ అనే అంటారు, రెండో అక్షరం మీద నొక్కుతూ. ఇంగ్లండులో ఉన్న కౌంటీ పేరు డెవన్, అక్కడ నొక్కు మొదటి అక్షరం మీద. మీ ఆయన ఇంగ్లండు ఉచ్చారణ చెబుతున్నారన్నమాట. మీ డెవాన్ రెండిటికీ మధ్యన మనవాళ్ళు కట్టుకున్న వంతెన, నేనూ దానిమీదే ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్నాను.

ఆ రోడ్డుకి పూర్వం పేరు చర్చ్ రోడ్. పక్కనున్న ఎడ్జ్‌వాటర్ పేటను కట్టించిన కాక్రన్ అనే ఆయన ఫిలడెల్ఫియా వైపు నుంచి వచ్చినవాడు, అక్కడి రైల్వే స్టేషన్ల పేర్లు తెచ్చి ఇక్కడి వీధులకు పెట్టాడు. బ్రిన్ మార్, బెర్విన్, ఆర్డ్‌మోర్, డెవాన్ అన్నీ అలా వచ్చినవే. పెన్సిల్వేనియా డెవాన్‌కి మూలం ఇంగ్లండు డెవన్, దానికి మూలం డుమ్నోనీ అనే పాతకాలపు తెగ పేరు. కాబట్టి మీ దివాణంతో చుట్టరికం లేదు, దూరపు బంధుత్వం కూడా లేదు.

ఇప్పటి పిల్లలకి తెలియదు కానీ, ఒకప్పుడు కందిపప్పు కావాలన్నా కరివేపాకు కావాలన్నా ఊరవతల నుంచి డెవాన్‌కే రావాలి. 1965 వలస చట్టం తర్వాత మనవాళ్ళు రావడం మొదలైంది, 1974లో పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు ఈ వీధిలోనే తెరిచారు. అంతకుముందు ఇది ఎక్కువగా యూదుల పేట, మీరు చూసిన గోల్డా మేయర్ బోర్డు ఆ జ్ఞాపకమే. ఇప్పుడు నేపర్‌విల్‌లో కూడా అన్నీ దొరుకుతున్నాయి, అయినా గంట కారు నడిపి ఇక్కడికొస్తున్నారంటే పప్పు కోసం కాదు. కారు లేనివాళ్ళు రెడ్ లైన్ రైల్లో లొయోలా దగ్గర దిగి 155 బస్సు ఎక్కితే చాలు, పార్కింగ్ టెన్షన్ ఉండదు.

జవాబు, హైదరాబాదు నుంచి

చుట్టరికం లేదనకండి అన్నా, మా పాతబస్తీకి వచ్చి చూడండి. చార్మినార్ దగ్గర దివాన్ దేవిడీ ఉంది. నిజాం దగ్గర దివాన్‌గా చేసిన సాలార్‌జంగుల హవేలీ అది. 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది ఆ దేవిడీలోనే, 1968లో ఇప్పుడున్న బిల్డింగుకు మారింది. ఇప్పుడు ఆ జాగాలో ఏమున్నయి? బట్టల దుకాణాలు! హోల్‌సేల్‌గా డ్రెస్సులు తీసుకోవాలంటే మేం అక్కడికే పోతాం. అంటే దివాణం పోయి చీరల కొట్లు రావడం మాకు కొత్త కాదు, అమ్మగారు షికాగోను చూసి చెప్పింది మా హైదరాబాదుకు కూడా సరిగ్గా సరిపోతది.

ఇంకొకటి. మా దిక్కు పెద్దోళ్ళు సివిల్ కేసును దివానీ అంటరు, క్రిమినల్ కేసును ఫౌజ్దారీ అంటరు. దివాన్ అంటే లెక్కలు, శిస్తు చూసేటాయన కాబట్టి ఆ వ్యవహారం దివానీ అయింది. 1765లో కుంపినీ వాళ్ళు మొగలు పాదుషా షా ఆలం దగ్గర రాయించుకున్న బెంగాల్ దివానీ కూడా శిస్తు వసూలు హక్కే.

దేవిడీ అంటే గుర్తొచ్చింది, "దేవిడీమన్నా" అని మీ ఆంధ్రలో కూడా అంటారు గదా? దేవిడీ గుమ్మం దగ్గరే లోపలికి మనా అని ఆపేయడం. ఈ మాట వాడే వాళ్ళలో సగం మందికి అందులో దేవిడీ ఉందన్న సంగతే తెలవదు.

జవాబు, మొదట అడిగినావిడ

అంటామండీ! నిన్ననే వాడాం. అమ్మకు మసాలా దోశ తినాలని ఉంటే ఒక హోటల్‌కి తీసుకెళ్ళాను, మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళేసరికి తలుపు మూసేస్తున్నారు. అమ్మ బయటికొచ్చి "దివాణం దాకా వచ్చాక దేవిడీమన్నా" అంది. ఆ రెండు మాటలూ ఒకే గుమ్మంలోంచి వచ్చాయని మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు, అమ్మకూ తెలిసి అన్నది కాదు.

జవాబు, రిటైరైన తెలుగు మాస్టారు

అమ్మా, మీ అమ్మగారు తప్పు చెయ్యలేదు. తెలుగు ఏం చేస్తుందో అదే చేశారు.

పరాయి మాట హల్లుతో ముగిస్తే మన నాలుక ఊరుకోదు, ఏదో ఒకటి తగిలిస్తుంది. బస్ బస్సవుతుంది, రైల్ రైలవుతుంది. కొన్నిటికి అం చేరుతుంది. పారసీ కాగజ్ మనకు కాగితం అయింది, దివాన్ దివాణం అయింది. ఆవిడ మార్గ్ చూసి మార్గం అని ఎందుకు రాయలేదని అడిగిందీ అందుకే. ఉత్తరాదివాళ్ళు కోసేసిన తోకను మనం అంటించుకుంటాం.

ఇక న కాస్తా ణ ఎందుకయింది అంటే, ఇది ఒక్క మాటకు పట్టిన జబ్బు కాదు. పారసీలో మేజ్‌బానీ అంటే అతిథి మర్యాద, మనకు మేజువాణి. అర్థం కూడా మారి, పెళ్ళిలో పెట్టించే భోగం మేళం అయింది. పర్గనా పరగణా అయింది. ఇంగ్లీషు కంపెనీ కుంఫిణీ అయింది, పైన హైదరాబాదు మిత్రుడు కుంపినీ అని రాశారు కానీ పాత కాగితాల్లో ణ చూస్తాం. ఇప్పటికీ హోటల్ బోర్డుల మీద బిర్యానీ కన్నా బిర్యాణి ఎక్కువ కనిపిస్తే తప్పులు పట్టకండి, పాత అలవాటు అది.

తెలియని పేరును తెలిసిన మాటగా విని అలాగే పలకడం ఇంకో సంగతి. పోర్చుగీసువాళ్ళను మన పెద్దలు బుడతకీచులు అన్నారు. అందులో బుడత ఎక్కణ్ణుంచి వచ్చిందీ? వాళ్ళేం చిన్నపిల్లలు కాదు గదా. చెవికి అలా వినబడింది, అంతే. డచ్చివాళ్ళు వలందులు, ఫ్రెంచివాళ్ళు పరాసులు. బందరు వెళ్తే వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు అక్కడ 1611లో దిగారు. సరుకుల కోసం సముద్రం దాటొచ్చినవాళ్ళు మన ఊళ్ళో తమ పేటలు కట్టుకుంటే, వాటికి మనవాళ్ళు తమ నోటికి తిరిగిన పేర్లు పెట్టారు. ఇప్పుడు మనవాళ్ళు సముద్రం దాటి వెళ్ళి షికాగోలో పేట కట్టుకున్నారు, దానికి కూడా పేరు మన నోటితోనే పెట్టుకుంటే ఎవరికి నష్టం?

రాతలో అయితే ఊరివాళ్ళు పలికినట్టు డివాన్ అని రాయండి. ఫోనులో చెల్లెలితో మాట్లాడేటప్పుడు దివాణం అననివ్వండి.

అన్నట్టు ఫ్రెంచివాళ్ళ దువాన్ కూడా ఈ దివానే. వాళ్ళకది కస్టమ్స్. అంటే మీ అమ్మగారు విమానం దిగాక ఆవకాయ జాడీ గురించి సంజాయిషీ చెప్పుకున్న చోటు కూడా ఒక దివాణమే.

జవాబు, సరదాకి

ఇన్ని చెప్పారు, దివాలా వదిలేశారు సార్. మా ఆవిడ ఆ వీధిలో బంగారం కొట్లోకి వెళ్ళొచ్చాక నాకు గుర్తొచ్చే మాట అదొక్కటే. రెండూ ఒకటేనా?

జవాబు, మాస్టారు

ఒకటి కాదు నాయనా. దివాలాలో ఉన్నది దీపం అంటారు. అప్పు తీర్చలేని షావుకారు పట్టపగలు కొట్లో దీపం వెలిగించి కూర్చునేవాడట, చూసినవాళ్ళకి సంగతి అర్థమయ్యేది. మా గుంటూరు వైపయితే ఐపీ పెట్టాడంటాం, దానికి దీపం అక్కర్లేదు, వకీలు చాలు.

జవాబు, న్యూజెర్సీ నుంచి

నాది కొంచెం వేరే బాధ. అమ్మమ్మలు దివాణం అంటున్నారని మనం నవ్వుతున్నాం, మరి మనం ఏమంటున్నాం? మా ఇంట్లో దొండకాయ అనే మాట పోయి మూడేళ్ళయింది. కొట్లో చీటీ మీద తిండోరా అని ఉంటుంది, ఫోనులో మా ఆయనకు లిస్టు పంపేటప్పుడు నేనూ తిండోరా అనే కొడతాను. ఆనపకాయ దూధీ అయింది, బీరకాయ తురియా, కంద సూరన్, చామదుంప అర్వీ. గుజరాతీవాళ్ళు ముందుగా కొట్లు పెట్టారు కాబట్టి వాళ్ళ పేర్లే చీటీల మీదకెక్కాయి, అందులో వాళ్ళ తప్పేం లేదు. మన గోంగూర మాత్రం చాలాచోట్ల గోంగూరగానే నిలబడింది, కొన్నిచోట్ల అంబాడి. తెలంగాణవాళ్ళు పుంటికూర కోసం వెతికితే రెండు పేర్లలోనూ దొరకదు, అది వేరే దుఃఖం.

మాస్టారు చెప్పిన ఆ తోక ఉంది చూశారా, అమ్మ వాళ్ళు తగిలించినట్టు మనం తగిలించట్లేదు. తిండోరాని తిండోరంగానో దూధీని దూధిగానో మార్చుకున్నా కాస్త మనదయ్యేది. ఉన్నదున్నట్టు నోట్లో పెట్టుకుంటున్నాం.

జవాబు, మొదట అడిగినావిడ

మీరన్నది అక్షరాలా నిజం. ఆ రోజు కొట్లో అమ్మ, అక్కడ పనిచేసే కుర్రాణ్ణి "బాబూ, దొండకాయలు ఎక్కడున్నాయి?" అని తెలుగులోనే అడిగింది. నేను తిండోరా అని అందించబోతే, "ఉండవే, అడుగుతున్నాగా" అని వేళ్ళతో సైజు చూపించి, కత్తితో చీలికలు కోస్తున్నట్టు అభినయించి, చివరికి దొండకాయలే పట్టుకొచ్చింది. ఆ అబ్బాయిది ఏ భాషో మాకు తెలియదు. బిల్లు కట్టేటప్పుడు ఇంకో నాలుగు వేసుకోమని అతనే చేతిలో పెట్టాడు.

ఒక్క గోరుచిక్కుడు దగ్గరే పని జరగలేదు. వేళ్ళతో ఎంత సన్నగా చూపించినా బీన్స్ ఇస్తున్నాడు. మాకు గోరుచిక్కుడు, మా తోడికోడలిది నిజామాబాదు, వాళ్ళకి గోకరకాయ, మా పక్కింటావిడది కడప, ఆవిడకి మటిక్కాయ. మనలో మనకే మూడు పేర్లుంటే అతన్నేం అనగలం. చివరికి నేనే గువార్ అని చెప్పి తీయించాను, అమ్మ ఆ మాటని రెండుసార్లు నోట్లోనే అనుకుని చూసుకుంది.

మళ్ళీ వచ్చే ఆదివారం వెళ్దామంటోంది. ఈసారి మూడింటికి ముందే, దేవిడీమన్నా కాకుండా. ఫ్రిజ్ మీద చీటీ అంటించింది, ఇప్పుడే చూశాను, పైన "దివాణం" అని రాసి కింద గీత గీసి: దొండకాయలు, ఆనపకాయ ఒకటి లేతది, చీర ఫాల్స్ రెండు, గువారులు అరకేజీ.