డస్సింది అంటే అలిసిందా, చిక్కిందా?

హన్మకొండ మాస్టారు:
ఒక ఫార్మసీ కళాశాలలో జంతు ప్రయోగాల నైతిక సంఘానికి నేను సభ్యుణ్ని. సైన్సుతో సంబంధం లేని మనిషి ఒకరుండాలని నియమం, ఆ కోటాలో తెలుగు పంతులుకు కుర్చీ దొరికింది. మొన్న ఎలుకల గది చూడబోతే రిజిస్టర్‌లో పనతను ఇలా రాసి ఉన్నాడు: "మూడో కేజ్ ఎలుక డస్సింది." బరువు గడి ఖాళీ. అలిసిందా, చిక్కిందా అని మా పశువైద్యురాలు నన్ను పట్టుకున్నారు. బరువు 20 శాతం పడిపోతే ప్రయోగం ఆపేస్తామని వాళ్లు అనుమతి అడిగినప్పుడే రాసిచ్చారు మరి. నాకేమో అప్పట్నుంచి పోతన నాలుక మీదే ఉన్నాడు, గజేంద్రమోక్షంలో మొసలికి చిక్కిన ఏనుగు మొర: "మూర్ఛవచ్చెఁ దనువున్ దస్సెన్..." దస్సెనా, డస్సెనా?

ఛందోప్రియ, కరీంనగర్:
మాస్టారూ, మీరే ఇట్లంటే ఎట్లా? శార్దూలం, పదమూడో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కుదరాలి. పాదం "ఠావుల్"తో మొదలైంది. ఠకు డ చెల్లుతుంది, ద చెల్లదు.

జనగామ రైతుబిడ్డ:
అక్షరం సరే, అర్థం చెప్పండి. మా దగ్గర దుక్కి నుంచొచ్చిన ఎడ్లను "డస్సినయి" అంటం. నీళ్లు తాపి గడ్డేస్తే తెల్లారేసరికి లేస్తయి. చిక్కిన ఎద్దు అట్ల లేస్తదా? బమ్మెరల అరక పట్టిన పోతనకు ఆ తేడా తెల్వదా?

ఛందోప్రియ:
అలసటే అయితే పక్కనే "శ్రమంబయ్యెడిన్" ఎందుకు? పోతన ఒకే మాట రెండుసార్లు అనడు. "అలయక సొలయక" అని వెయ్యేళ్ల పోరు చెప్పినవాడికి అలయు అనే మాట చేతిలోనే ఉంది. ఇది కృశించడమే.

జనగామ రైతుబిడ్డ:
అప్పుడు అలవని ఏనుగే ఇప్పుడు అలిసింది. పద్యం పట్టు అక్కడే ఉంది కదా.

కడప పాఠకుడు:
ఆ అరక ఒంటిమిట్టలో పట్టాడని మేమూ అంటాం 🙂

ఛందోప్రియ:
దండం పెడతా, ఆ గొడవ ఇక్కడ వద్దు.

కేయూ రీసెర్చ్ విద్యార్థిని:
ల్యాబ్‌లో ఎలుకను చంపితే "శాక్రిఫైస్ చేశాం" అంటాం. తెలుగులో "బలిచ్చాం" అని రాస్తే మేడారం గుర్తొస్తోంది. ఇంకో మాట చెప్పరా ఎవరైనా?

పశువైద్యురాలు:
మాస్టారు చెప్పిన ఎలుకను నేను చూశాను. వీపు గూనిలా వంచి మూలకు కూర్చుంది, వెంట్రుకలు నిక్కి ఉన్నాయి, ముక్కు చుట్టూ ఎర్రటి చార. రక్తమని పనతను భయపడ్డాడు. అది పోర్ఫిరిన్, ఒంట్లో బాగాలేక ఒళ్లు శుభ్రం చేసుకోవడం మానేస్తే అలా కనిపిస్తుంది. లావు, ధైర్యం, ప్రాణం, మూర్ఛ, తనువు... మీ పద్యం అచ్చం ఎలుక బాధకు మేం మార్కులేసే షీటే. కాకపోతే మేం మూర్ఛ దాకా ఆగకూడదు.

ఛందోప్రియ:
చూశారా, మూర్ఛ తర్వాత "డస్సెన్". మూర్ఛపోయినవాడు మళ్లీ అలిసిపోవడమేమిటి? నా మాటే నిలిచింది.

జనగామ రైతుబిడ్డ:
మూర్ఛపోయినవాడు మళ్లీ చిక్కుతడా మరి?

హన్మకొండ మాస్టారు:
ఎలుకను తూచారు. 12 శాతం తగ్గింది, అంటే ఇద్దరికీ సగం సగం. పనతన్నే అడిగాను. "డస్సింది అంటే డస్సింది సార్, చూస్తే తెలుస్తలేదా?" అన్నాడు.

కేయూ రీసెర్చ్ విద్యార్థిని:
నా ప్రశ్న...

ఛందోప్రియ:
ఇంతకీ "ఠావు" అచ్చ తెలుగేనా? ఠావు కాగితంలో ఉన్నది ఈ ఠావేనా?